ట్రాక్టరు ముక్కు మీద చిన్నాయన

పోయిన వారం మా తమ్ముడి కొడుకు హిందూపురం నుంచి ఫోన్ చేశాడు. ట్రాలీలు తయారు చేసే షెడ్డులో నిలబడి ఉన్నాడట. వెనక ఇనుము కోసే మిషను చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. "అత్తా, కొత్తగా కొన్న ట్రాక్టరుకు నీళ్ళ ట్యాంకరు చేయిస్తాండా. తగిలించే కొక్కి యేది పెట్టమంటావని అడుగుతాండారు ఈడ. పిన్ను పెట్టమనేదా, గుండు పెట్టమనేదా?" అన్నాడు. చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి చెప్పులేసుకుంటున్న ఆడమనిషిని అడిగే ప్రశ్నేనా ఇది అని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో అడుగుతారు. మా నాయన ట్రాక్టరు నడుపుతుంటే పక్కన మడ్గార్డు మీద కూర్చుని ఊళ్ళు తిరిగినదాన్ని నేను. మా తమ్ముడికి ఆ కుదుపులకు వాంతులయ్యేవి, అందుకని వాడు ఇంట్లో ఉండి చదువుకుని పెద్దవాడయ్యాడు.

"గుండు చిన్న బండ్లకు రా, కారు వెనక తగిలించుకునేదానికి. నీళ్ళ బరువుకు అది ఆగదు. పిన్నే పెట్టించు, లావుపాటిది. గుంతల్లో ఎగిరి బయటికి రాకుండా కింద ముల్లు ఉండాల" అన్నాను. "సరే అత్తా. పైన పెట్టించేదా, కిందనా?" అన్నాడు. ఇంతవరకు గడగడా చెప్పినదాన్ని, ఆ మాటకు మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేసి, చెప్పులు విడిచి, వచ్చి కుర్చీలో కూర్చున్నాను. చీర ఆ రోజుకు అట్లాగే ఉండిపోయింది.

మా ఊరు పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, పెద్ద రోడ్డుకు బాగా లోపలికి ఉంటుంది. మా ట్రాక్టరుకు వెనక వైపు ట్రాలీని రెండు చోట్ల తగిలించుకునే వీలుండేది, నేలకు దగ్గరగా ఒకటి, జానెడు పైన ఇంకొకటి. బరువు లాగేవాళ్ళు కిందే తగిలించాలి. పైన తగిలిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి గుంజి, ట్రాక్టరు ముందు చక్రాలు నేల వదిలి లేస్తాయి. ఇది మా నాయనకు తెలియని సంగతి కాదు. కానీ ఊరి బయట వంకలో, అదే వాగులో, పెద్ద పెద్ద రాతి గుండ్లుండేవి, కింద తగిలిస్తే ఆ కొక్కి గుండ్లకు తగులుకుని ఆగిపోయేది. అందుకని పైనే తగిలించేవాడు. వంక దాటగానే మిట్ట. మిట్ట ఎక్కేటప్పుడు ముక్కు లేవకుండా ముందు బరువు పెట్టాలి. ఊళ్ళో కొందరు ఇసుక మూటలు కట్టేవారు, ఒకాయన తిరగలి రాయి వేలాడదీసేవాడు. మాకు ఆ ఇబ్బంది లేదు. మాకు చిన్నాయన ఉండేవాడు.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. మనిషి మంచి భారీ విగ్రహం. మెత్తని మనసు, అంతకంటే మెత్తని ఒళ్ళు. ఏ పనికి పంపినా చెడగొట్టుకుని నవ్వుతూ తిరిగొచ్చేవాడు. మడక దున్నమని పంపితే ఎద్దులకు ఎండ తగులుతోందని చెట్టు కింద కట్టేసి తనూ పడుకునేవాడు. ఒకసారి ధర్మవరంలో తెలిసినవాళ్ళ పట్టుచీరల అంగట్లో పెట్టించారు. చీరలు విప్పి చూపించి మళ్ళీ మడత పెట్టడమే పని. ఆ తెల్లటి పరుపులు, ఫ్యాను గాలి, మధ్యాహ్నం పూట బేరాలుండవు. ఎవరో ఆడపెళ్ళివాళ్ళు వచ్చేసరికి చిన్నాయన ముహూర్తం చీరల మీదే తల పెట్టుకుని గురక పెడుతున్నాడట. అంగడాయన మర్యాదస్తుడు, టిఫిను పెట్టించి మరీ బస్సెక్కించాడు. ఆ తర్వాత చిన్నాయనకు పెళ్ళి మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

అలాంటి చిన్నాయనకు ట్రాక్టరు ముక్కు మీద ఒక ఉద్యోగం దొరికింది. వంక దాటగానే నాయన బండి ఆపి, "రారా, ఎక్కు" అనేవాడు. చిన్నాయన పంచె ఎగ్గట్టి, ముందున్న కమ్మి మీద కాళ్ళు పెట్టి, బానెట్టు పట్టుకుని ఊరివైపు చూస్తూ కూర్చునేవాడు. మిట్ట పైన ఎవరైనా ఎదురైతే, "ఏమబ్బా, పక్కకు పో, బండి వస్తాండాది" అని గట్టిగా కేకేసేవాడు. అన్నం దగ్గర మా అమ్మ ఇంకో ముద్ద వెయ్యబోతూ ఆగితే, "వెయ్యి వదినా, నేను చిక్కిపోతే బండి లేస్తాది" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం నిజంగానే అనేవాడని నాకిప్పుడు తెలుస్తోంది.

ఒక ఏడాది వానలకు ముందు మా బావి గోడ ఒక పక్క కూలింది. వానలు మొదలయ్యేలోగా కట్టకపోతే బావి మొత్తం పూడుతుంది. పెనుకొండ దగ్గర గుట్ట నుంచి రాళ్ళు తోలడం మొదలుపెట్టాడు నాయన. ఆ రోజు తొందరలో రాళ్ళు ఎక్కువ పడ్డాయి. మిట్ట సగం ఎక్కామో లేదో, నా కళ్ళ ముందే చిన్నాయన వీపు పైకి లేచింది. ముందు చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి. నాయన క్లచ్చు తొక్కాడు. ముక్కు దబ్బున నేల మీద పడింది, చిన్నాయన ఎగిరి పక్కనున్న తంగేడు పొదల్లో పడ్డాడు. చక్రం దిగిన చోటికీ ఆయన తలకూ మధ్య జానెడు నేల ఉంది. నేను అరిచానో లేదో కూడా గుర్తులేదు. చిన్నాయన మెల్లగా లేచి కూర్చుని, "అన్నా, బండికేమీ కాలేదు గదా? రేపట్నుంచి ఇంగా గట్టిగా పట్టుకుంటాలే" అన్నాడు. నాయన సగం రాళ్ళు అక్కడే దారి పక్కన దించేశాడు.

మర్నాడే ట్రాక్టరును హిందూపురం తోలాడు. అరిగిపోయిన పాత కొక్కి తీయించి, కింద కొత్తది బిగించమన్నాడు. షెడ్డు మేస్త్రి బోల్టు బిగిస్తూ, "ఇన్నాళ్ళూ పైనే యెందుకు తగిలిస్తా వచ్చినావప్పా?" అని అడిగాడు. "వంకలో గుండ్లుండాయి" అన్నాడు నాయన. ఇంటికొచ్చాక గడ్డపార తీసుకుని వంకలోకి దిగి, పొద్దుగూకేలోగా ఆ గుండ్లన్నీ తవ్వి పక్కకు దొర్లించాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, గట్టు మీద కూర్చుని చూస్తూ చూస్తూ, "ఒక్క పూట పని గదరా ఇది, ఎప్పుడో చేసుండొచ్చు గదా" అంది. నాయన గడ్డపార ఆనించి నిలబడ్డాడు. "చేసుంటే వాడు యాడ కూర్చుంటాడు అమ్మా?" అన్నాడు.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడు యాడ కూర్చుంటాడు?" అని మాత్రం అడిగింది. నాయన గడ్డపార భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. ఆ రాత్రి చిన్నాయన ఒక ముద్ద తక్కువే తిన్నాడు.

తెల్లవారి మళ్ళీ రాళ్ళకు పోయాం. వంకలో కొక్కి దేనికీ తగల్లేదు. మిట్ట మొదట్లో నాయన అలవాటుగా బండి ఆపాడు. చిన్నాయన తలొంచుకుని ట్రాలీ పక్కన నిలబడ్డాడు. నాయన దిగి, దారి పక్కన పడున్న రాళ్ళలో ఒకటి ఏరి, తమ్ముడి చేతిలో పెట్టాడు. "ఇది ఎత్తుకోని పక్కనే నడిచి రా. బండి వెనక్కి జారితే చక్రానికి అడ్డం వెయ్యాల. నిన్ను నమ్ముకోనే ఎక్కిస్తాండా, పరాకుగా ఉండొద్దు" అన్నాడు. చిన్నాయన ఆ రాయిని రెండు చేతులా అందుకుని, పంచె ఎగ్గట్టాడు. నాయన ఫస్టు గేరులో, మనిషి నడక కంటే ముందుకు పోకుండా మిట్టంతా ఎక్కించాడు. సెకండు గేరులో సునాయాసంగా ఎక్కే బండి అది. పక్కనున్న నాకు ఇంజను గొంతులోనే తెలిసిపోయేది.

ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు తోలినా బండి ఒక్కసారి కూడా జారలేదు, ఆ రాయి అవసరం పడలేదు. చిన్నాయన మాత్రం దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఆయుధపూజకు ట్రాక్టరుతో పాటు దానికీ అవ్వ పసుపు కుంకుమ పెట్టేది. నాయన పోయిన ఏడాది తమ్ముడు ట్రాక్టరు అమ్మేశాడు, రాయి చిన్నాయన మంచం పక్కనే ఉండిపోయింది. ఆయన పోయాక అది ఏమైందో నేను అడగలేదు. అడగాల్సింది.

సాయంత్రం మేనల్లుడికి ఫోన్ చేసి, "కిందే పెట్టించు, పైన వద్దు" అన్నాను. మిట్ట దగ్గర జాగ్రత్త అని కూడా చెప్పబోయాను. వాడు నవ్వి, "ఇంగా మిట్ట యాడుండాది అత్తా? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చదును చేసేసినారు గదా. టాపు గేరులో పోతాండాము" అన్నాడు. పోనీలే, మంచిదే. ఏ బరువునైనా ఇప్పుడు అక్కడ రెప్పపాటులో దాటించేస్తారు. మా నాయన కాలంలో మాత్రం, చేతిలో రాయితో నడిచే ఒక మనిషి వెనకబడకూడదని, కాలం కూడా ఆ మిట్ట మీద ఫస్టు గేరులోనే నడిచింది.