చొక్కా వెనక చెయ్యి

వీధిలో అందరూ ఆమెను బొంతలమ్మ అంటారు. సూది పట్టిందంటే ఇక తిరుగులేదు. ఎటొచ్చీ ఏ డిజైను కుట్టాలో తేల్చుకోవడమే ఆమె వల్ల కాదు. ఈసారి మరీ అయోమయం. పోయిన భర్త చొక్కాలతో బొంత కావాలని కూతురు అడిగింది. తండ్రి పోయాక ఆ పిల్లకు సరిగ్గా నిద్ర లేదు.

"నాన్న చెయ్యి వీపు మీద ఉంటేగానీ నాకు నిద్ర పట్టేది కాదు కదమ్మా" అంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్తుంది.

బొంతలమ్మ ముక్కలను గళ్లుగా పేర్చింది. నచ్చక త్రికోణాలు చేసింది. అవీ తీసేసి నక్షత్రం పరిచింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి గానీ డిజైను తేలలేదు.

అప్పుడు అట్టముక్క గుర్తొచ్చింది. ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కుడి చిటికెనవేలు వంకర కావడంతో కొన్న గ్లౌజులు పట్టేవి కావు. చేతిని అట్ట మీద పెట్టించి, చుట్టూ గీసుకుని ఆమే కుట్టిచ్చేది. ఆ చేతినే బొంత నడుమ అచ్చు వేస్తే?

అట్టను చూసి రబ్బరు షీటు కత్తిరించి చెక్కకు అంటించింది. తెల్ల చొక్కా ఒక్కటే ఉంది కాబట్టి ముందు దిండు గలీబు మీద అచ్చు అంచు మాత్రం అద్ది రంగు చిక్కదనం చూసుకుంది. తర్వాత చొక్కా మీద గట్టిగా నొక్కి తీసింది.

అద్దంలోలా తిరగబడి ఎడమ చెయ్యి పడింది. బొంతలమ్మకు బుర్ర తిరిగిపోయింది. తన చేతులు మార్చి మార్చి పక్కన పెట్టుకుని చూసింది.

"ఏ చెయ్యయితే ఏంటి వదినా" అంది పక్కింటావిడ.

"ఆయన ఎడమ వేలు తిన్నగా ఉండేది వదినా. ఇదెవరి చెయ్యో" అని బొంతలమ్మ ఏడ్చేసింది.

కడిగేద్దామని చొక్కా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. నలిగి పలచబడ్డ గుడ్డ, రంగు వెనక్కి దిగింది. అటువైపు, వెలిసినట్టుగా, వంకర వేలితో, ఆయన కుడి చెయ్యి.

ఈసారి ఆలోచించలేదు. చొక్కా తిరగేసి నడుమ కుట్టింది. చుట్టూ గళ్లో త్రికోణాలో, చేతికి ఏది దొరికితే అది.

ఆదివారం కూతురు వచ్చి బొంత విప్పింది. చిటికెనవేలు తడిమింది. నేల మీదే బోర్లా పడుకుని, ఆ చెయ్యి వీపు మీదికి వచ్చేలా కప్పుకుంది.

బొంతలమ్మ టీ తెచ్చేసరికి నిద్రపోయింది.