ఉప్పు చేతికందేచోట

మా వదిన గది చూడకుండా కంప్యూటర్ కట్టదు.

"ఎంత స్పీడు కావాలి?" అని ఎవరినీ అడగదు. "మెషీను ఎక్కడ పెడతారు? ఆ గదికి కిటికీ ఎటువైపు? మధ్యాహ్నం ఎండ పడుతుందా?" అని అడుగుతుంది. కొనడానికి వచ్చినవాళ్ళు, మనం దుకాణానికి వచ్చామా పెళ్ళిచూపులకు వచ్చామా అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆవిడ చెప్పులేసుకుని వాళ్ళ వెంట వెళ్ళి, ఆ గదిలో కాసేపు ఊరికే నిలబడి, గోడకు అరచెయ్యి ఆనించి వస్తుంది. ఆ గోడ వేడి ఆవిడ చేతిలో కూర్చుని దుకాణం దాకా వస్తుందని నాకనిపిస్తుంది. నేను ఆవిడ పక్కన స్క్రూలు బిగించే మరిదిని. తిరిగొచ్చాక ఆవిడ చెయ్యి విదిలించే తీరు చూసి ఏ ఫ్యాను తియ్యాలో చెప్పెయ్యగలను.

ఆవిడకు పని నేర్పింది మా బాబాయి. వీధిలో అందరూ ఆయన్ని స్పీడు బాబాయి అంటారు. తయారుచేసినవాళ్ళు చెప్పిన వేగం దగ్గర ఏ ప్రాసెసరునూ ఆగనివ్వడు. దాన్ని ఇంకా ఇంకా లాగుతాడు. ఓవర్‌క్లాకింగ్ ఆయనకు గాలిపటం ఎగరెయ్యడం లాంటిది. దారం తెగే ముందు క్షణం ఎలా ఉంటుందో ఆయన వేళ్ళకు తెలుసు.

పెళ్ళైన కొత్తలో వదిన ఆయనకు క్యారేజీ ఇవ్వడానికి దుకాణానికి వచ్చింది. బల్ల మీద విప్పి ఉన్న మదర్‌బోర్డును చూసి, "ఇదేంటి చినమావయ్యా, మేడ మీంచి చూసిన ఊరిలా ఉంది!" అంది. బాబాయి ఆకలి మరిచిపోయి ఆ ఊళ్ళోని సందులన్నీ చూపించాడు. క్యారేజీ చల్లారిపోయింది. ఆ రోజు వెళ్ళినావిడ మర్నాడు మళ్ళీ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. బస్సు డిపోలో పనిచేసే అన్నయ్య, "నా పెళ్ళాన్ని కాపురానికి తెచ్చానా, మీకు అప్రెంటిసుగా తెచ్చానా?" అని నవ్వేవాడు.

కొన్నేళ్ళకు ఆవిడే ఆయన దుకాణానికి ఎదురుగా బల్ల వేసుకుంది.

"మెషీను ఎంత పరిగెడుతుందా అని మీరు చూస్తారు. ఎవరింట్లో పరిగెడుతుందో చూడాలని నాకు."

"చూసుకో అమ్మాయ్. రోజూ నీ ముఖం చూశాకే నా దుకాణం తలుపు తీస్తాలే," అన్నాడు బాబాయి. అది దీవెనో దెప్పిపొడుపో నాకిప్పటికీ తెలియదు.

అలా ఉండగా చెవుల మాస్టారి కబురొచ్చింది.

చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివించి, రికార్డు చేసి పంపుతారాయన. ఆయనకూ చూపు లేదు. ఒక పాత భవనం పై అంతస్తులో, రేకుల కప్పు కింద ఒకే గది. వాళ్ళ కంప్యూటర్ ముసలిదైపోయింది. టీచరమ్మ చదువుతుంటే ఆవిడ గొంతు మధ్యలో టిక్కు, టిక్కు అని పడేది. వచ్చే శబ్దాన్ని అందుకోలేక ప్రాసెసరు జారవిడిచిన ముక్కలవి. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. సైన్సు పాఠాలు సగం చదవనేలేదు. అవి వెళ్ళకపోతే పిల్లలు సగం పుస్తకంతోనే పరీక్షకు కూర్చోవాలి.

ముందు బాబాయే వెళ్ళాడు. ఉన్నవాటిలో చవకైన ప్రాసెసరును తీసుకుని, దానికి ఊపిరాడనంత వేగం ఎక్కించి తెచ్చి పెట్టాడు. గది చూడ్డానికి వదినా నేనూ ఆయన వెంట వెళ్ళాం. టీచరమ్మ కిటికీలు మూసి, సీలింగు ఫ్యాను ఆపి, ఒక పేజీ చదివింది. మాస్టారు విన్నారు.

"టిక్కులు పోయాయండీ," అన్నారు. "కానీ మా టీచరమ్మ విమానంలో కూర్చుని చదువుతున్నట్టుంది."

నిజమే. వేగానికి వేడెక్కిన ప్రాసెసరును చల్లార్చడానికి లోపలి ఫ్యాను హోరెత్తిపోతోంది. వేగం తగ్గిస్తే టిక్కులు, పెంచితే హోరు. బాబాయి తల గోక్కున్నాడు.

వదిన గోడమీంచి చెయ్యి తీసింది. "మాస్టారూ, ఇంకో ప్రాసెసరు రాబోతోంది. ధర దాదాపు ఇంతే. లోపల క్యాష్ మెమరీ మాత్రం దీనికి రెండింతలు ఉంటుందట. నెలాఖరుకు వస్తుందంటున్నారు. ఆగగలరా?"

"క్యాష్ అంటే ఏంటమ్మా?"

"ప్రాసెసరుకు చేతికందేంత దూరంలో ఉండే చిన్న అర. మిగతా సామానంతా అటక మీద ఉంటుంది. అర చిన్నదైతే ఉప్పుకోసం కూడా మాటిమాటికీ అటక ఎక్కాలి. ఉప్పు అటక మీద పెట్టుకుని పొయ్యి మంట పెంచితే కూర మాడుతుందిగానీ వంట తొందరగా అవుతుందా?"

టీచరమ్మ ఫక్కున నవ్వింది. బాబాయికి నవ్వు రాలేదు.

"మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకోమంటున్నావు అమ్మాయ్. ఇంకా పుట్టని ప్రాసెసరుకు జాతకం చెబుతున్నావు. అది రాకపోతే? వచ్చినా ఇంతే అయితే?"

మాస్టారు చదవకుండా మిగిలిన పేజీలను వేళ్ళతో తడిమి చూశారు. "ఒకసారి ఆగుతానమ్మా. రెండోసారి ఆగలేను. పరీక్ష ఎవరికోసమూ ఆగదు," అన్నారు.

మెట్లు దిగుతూ, "మాటిచ్చేశావేంటి వదినా?" అన్నాను.

"నా మాటదేముంది మరిదిగారూ, పోతే పోతుంది. పిల్లల పాఠాలు పణం పెట్టాను," అంది.

నెలాఖరు వచ్చింది. ప్రాసెసరు రాలేదు. బాబాయి మా గుమ్మం ముందు నిలబడి, అరచెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూసేవాడు. "ఏం అమ్మాయ్, మబ్బు పట్టిందా?" అనేవాడు. వదిన నవ్వేది. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోవడం నేను చూసేవాణ్ణి. అన్నం ముందు కూర్చుని కూడా కొరియర్ వాడి బండి చప్పుడుకోసం చెవి వీధిలో పడేసి ఉండేది.

పరీక్షలకు కొన్ని వారాలుండగా చివరికి వచ్చింది. అరచేతిలో బిస్కెట్టంత వెండి పలక. వదిన దాన్ని కిటికీ వెలుగులో పెట్టి, పొత్తిళ్ళలో బిడ్డను చూసినట్టు చూసింది. బోర్డులో కూర్చోబెట్టి, మొట్టమొదట ఏం చేసిందో తెలుసా? వేగం పెంచడం మొదలుపెట్టింది. మెట్టు మీద మెట్టు. చేతులు అచ్చం బాబాయివే.

"అదేంటి వదినా! మంట పెంచకూడదన్నావుగా?"

"దాని ఓపిక ఎంతో తెలియకుండా దాన్ని ఎక్కడ నిలపాలో ఎలా తెలుస్తుంది? ఇది చినమావయ్య పాఠమే."

ఒకచోట తెర గడ్డకట్టిపోయింది. అంచు చేరింది. అక్కణ్ణుంచి వదిన వెనక్కి తిరిగింది. పుట్టినప్పటి వేగానికి దింపింది. తర్వాత వేడి ఇంకా తగ్గేలా దానికిచ్చే కరెంటు వోల్టేజీని కూడా కొద్దికొద్దిగా తగ్గిస్తూ, తడబడని చోట ఆపింది. పెద్ద ఫ్యాను ఒకటి పెట్టింది. అది నిద్రలో పక్కకు ఒత్తిగిలినంత నెమ్మదిగా తిరుగుతోంది.

రేకులు బాగా కాలే మిట్టమధ్యాహ్నమే ఎంచుకుని మెషీను మోసుకెళ్ళాం. బాబాయి పిలవకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కిటికీలు మూశారు. గది ఉడికిపోతోంది. టీచరమ్మ సైన్సు పాఠం చదివింది. నీళ్ళు ఆవిరై పైకి వెళ్ళి, మబ్బై, మళ్ళీ నేలకు వచ్చే పాఠం. వదిన కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుంది.

రికార్డైనదాన్ని మాస్టారు వినడం మొదలుపెట్టారు. ఒక పేజీ గడిచింది. రెండో పేజీ మధ్యలో చెయ్యెత్తారు.

"ఆపండి. ఒక చప్పుడుంది."

వదిన కళ్ళు తెరిచింది. నేను స్క్రూడ్రైవరు కోసం జేబు తడుముకున్నాను, దాంతో ఏం చేస్తానో తెలియకుండానే.

"మళ్ళీ వెయ్యండి," అన్నారు మాస్టారు. విని తల అడ్డంగా ఊపారు. "ఇది మెషీనుది కాదు. ఎవరో నిట్టూర్చారు. మగవాళ్ళు. తలుపు దగ్గర."

అందరం తలుపువైపు తిరిగాం.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నేనేనండీ. మెషీను ఆన్ చెయ్యడం మరిచిపోయారేమోనని వంగి చూశాను. లైటు వెలుగుతోంది. నడుస్తోంది. నా దగ్గర నేర్చుకున్న చెయ్యి కదా అది..." వదిన వైపు చూశాడు. "ఊపిరి దానంతటదే వచ్చేసింది."

ఆ గదిలో మనిషి ఊపిరి కూడా వినబడేంత నిశ్శబ్దంగా నడుస్తోంది మా వదిన కట్టిన మెషీను.

"టీచరమ్మా, ఆ వాక్యం మళ్ళీ చదవండి," అన్నారు మాస్టారు. "ఈయన్ని మాత్రం మెట్ల మీద కూర్చోబెట్టండి."

బాబాయి వెళ్తూ వెళ్తూ వదిన తలమీద చెయ్యి పెట్టాడు. "మబ్బు కురిసింది అమ్మాయ్. ముంత నిండింది. అంచు దాకా వెళ్ళి చూశావా?"

"చూసే వెనక్కొచ్చాను చినమావయ్యా."

పరీక్షలకు ముందే పాఠాలన్నీ పిల్లలకు చేరాయి.

బాబాయి నిట్టూర్పు పడ్డ ఆ ముక్కను వదిన పారెయ్యలేదు. ఇప్పుడు మా బల్ల మీద ఏ మెషీను తయారైనా, దాని పక్కన కూర్చుని మొదట వినేది దాన్నే. ఫ్యాను చప్పుడులో ఆ ఊపిరి మునిగిపోయిందా, మెషీను మళ్ళీ విప్పాల్సిందే. వదిన చెవి ఒగ్గి వింటుంటే ఎదురు దుకాణం నుంచి కేక వినిపిస్తుంది.

"ఏం అమ్మాయ్, వినిపించానా?"

"వినిపించారు చినమావయ్యా!" అంటుంది వదిన. అప్పుడు మెషీను గుమ్మం దాటుతుంది.