ఫ్లోరా కొట్టివేయని రెండు వాక్యాలు

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఫ్లోరా గెలిచిన తగాదాలు చాలానే ఉన్నాయి గానీ, ఇప్పటికీ తలచుకుని నేను నవ్వుకునేది మాత్రం ఒక సినిమా వారపత్రిక విలేకరితో జరిగినది. అది తొంభై ఆరులో. ఫ్లోరా పత్రికలు అమ్మేది, కొత్తవీ పాతవీ. పక్కనే నేను జేబురుమాళ్లు, పిన్నీసులు పెట్టుకునేదాన్ని. ఒక కాలేజీ పిల్ల ఆ వారం సంచిక తీసి, నడిమి పేజీలో ఒక తారల జంట ఇంటర్వ్యూ చదువుతూ మురిసిపోతోంది. ఫ్లోరా ఊరుకోలేదు.

"బొమ్మలు చూడు బిడ్డా, మంచిగుంటయి. అక్షరాలు మాత్రం నమ్మకు."

పిల్ల వెనకాల నిలబడ్డ కుర్రవాడికి రోషం వచ్చింది. వాడి పేరు విజయేందర్. ఆ ఇంటర్వ్యూ రాసింది వాడేనట.

"ఏందమ్మా, మా పత్రిక అమ్ముకుంట మమ్మల్నే బద్నాం చేస్తున్నవ్? నేను స్వయంగ వాళ్లింటికి పోయిన. ఆమె భర్త నాకు గూడ కాఫీ కలిపి ఇచ్చిండు."

ఫ్లోరా గోనెపట్టా కిందినుంచి రెండు పాత సంచికలు లాగి, కొత్తదాని పక్కన పరిచింది. మూడు సంచికలు, మూడు జంటలు. మూడింటిలోనూ భార్య అంటున్నది ఒకటే: "ఆయన నాకు భర్త కన్నా ముందు స్నేహితుడు. పొద్దున కాఫీ ఆయనే కలిపి ఇస్తారు."

"ముగ్గురు ఆడోళ్లు, ముగ్గురు మొగోళ్లు, కాఫీ మాత్రం ఒక్కటే. నువ్వు ఎవరింట్ల తాగినవ్ కొడకా? ఈ నడిమి జంటయితే నీ పత్రిక బజార్ల పడేనాటికే విడాకులకు కోర్టు మెట్లెక్కిన్రు. గా పొద్దు కాఫీల చక్కెర తక్కువైందేమో."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. విజయేందర్ మొహం కందిపోయింది. ఆ మూడు సంచికలూ తానే కొంటానన్నాడు, ఇంకెవరికీ చూపించకుండా. "పాతవాటికి ధర ఎక్కువ," అంది ఫ్లోరా. అడిగినంతా ఇచ్చి, తలవంచుకుని గన్‌ఫౌండ్రీ వైపు నడిచాడు. అవి పోతే ఏమైంది, అలాంటివి ఇంకా పన్నెండున్నాయి ఆమె దగ్గర.

ఆమె అంగడిలోని పత్రికలన్నీ నేనూ చదివాను, డబ్బివ్వకుండానే. నాలుగో తరగతితో ఆగిన దాన్నయినా, తారల పెళ్లి కబుర్లు అర్థం చేసుకోవడానికి అది ఎక్కువే.

ఫ్లోరాది మెదక్. పెళ్లయి నాంపల్లి వచ్చింది. భర్త సామ్ సుందర్ మిషన్ బడిలో గుమాస్తా, చర్చి కమిటీలో సభ్యుడు. మా కాంపౌండులోనే, మా పక్క వాటాలోనే ఉండేవారు. వాళ్ల నడిమింటికీ మా వంటింటికీ మధ్య ఒక్కటే గోడ. ఆయన జీతం చాలక ఎనభై తొమ్మిదిలో ఫ్లోరా ఫుట్‌పాత్ మీద కూర్చుంటానంటే ఆయన కాదనలేదు. తగాదా ఆదివారం దగ్గర వచ్చింది.

ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూస్తారు. మూసిన షట్టర్ల ముందు పొడుగునా పుస్తకాలు పరుస్తారు. వారమంతా అమ్మింది ఒక ఎత్తు, ఆ ఒక్కపూట అమ్మింది ఒక ఎత్తు. ఫ్లోరా ఒక ఆదివారం ప్రార్థన కాగానే తెల్లచీర మార్చకుండా, సంచిలో బైబిలుతోనే వచ్చి, సినిమా పత్రికలు పరిచి కూర్చుంది. సంఘపెద్ద ఆనంద్ పాల్ అటుగా పోతూ చూశాడు. విశ్రాంతి దినాన తారల బొమ్మలు అమ్ముతోంది మన కమిటీ సభ్యుడి భార్యేనా అని ఆ వారం సమావేశంలో అందరి ముందూ అడిగాడు. సామ్ సుందర్ కమిటీకి రాజీనామా చేసి ఇంటికొచ్చాడు. ఆనాటి నుంచి భార్యతో మాట్లాడడం మానేశాడు.

పూర్తిగా మానేశాడంటే అబద్ధం. గోడతో మాట్లాడేవాడు. "నల్లా వచ్చినట్టుంది." "కూరల ఉప్పు తక్కువైనట్టుంది." ఫ్లోరా లేచి బిందె పెట్టేది, ఉప్పు తెచ్చేది. గోడకు ఇవతల ఉన్నది నేను గనక, పదేళ్లపాటు ఆయన మాట్లాడింది నాతోనే అనుకోవాలి. ఊరందరి కాపురాల గుట్టు విప్పే మనిషి తన గుట్టు మాత్రం నాకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

తొంభై తొమ్మిదిలో వాళ్ల పెళ్లికి పాతికేళ్లు నిండాయి. వాళ్ల చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లిరోజు వచ్చిన దంపతులు అందరి ముందుకూ వెళ్లి, కృతజ్ఞత కానుక ఇచ్చి నిలబడితే పాస్టరు ప్రార్థన చేస్తాడు. రమ్మంటే నేనూ వెళ్లాను. ఇద్దరూ నిలబడ్డారు, మధ్యన ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి. ప్రార్థన కాగానే ఫ్లోరా సంచి భుజాన వేసుకుని ఆబిడ్స్ బయల్దేరింది. ఆదివారం కదా.

ఆ రోజే విజయేందర్ కెమెరాతో చర్చిలో తేలాడు. తారలు పత్రికల మీద దావాలు వేయడం నేర్చుకున్నాక, వాడి పత్రిక మామూలు దంపతుల మీద పడింది. మామూలు వాళ్లు దావాలు వేయరు. చర్చి కాపలాదారు గట్టయ్య తర్వాత నాతో అన్నాడు: "ఔ అమ్మా, సారూ ఆ పిలగాడూ మెట్ల మీద కూసున్నరు. సారు ఏమన్న మాట్లాడిండో, ఊకె తల ఊపిండో, నాకు వినబడలే."

మూడు వారాలకు పత్రిక వచ్చింది. ఫ్లోరా కట్ట విప్పి, పేజీ తిప్పి, నిలబడే చదివింది. తర్వాత కూర్చుని ఇంకోసారి చదివింది. పాతికేళ్ల అనురాగమట, పైన పేరు. కింద ఇద్దరి ఫొటో. మధ్యన ఉన్న జాగా కనిపించకుండా కత్తిరించారు.

చెవిమీది పెన్సిలు తీసి, పాత సంచికలు ముందేసుకుని, తారలకు చేసిన మర్యాదే అచ్చయిన తన మొగుడి మాటలకూ చేసింది. "ఆమె నాకు భార్య కన్నా ముందు స్నేహితురాలు": కొట్టేసింది. "మా మధ్య అహం అనేది లేదు": అది తొంభై ఏడులో ఎవరో హీరో అన్నది, కొట్టేసింది. "పొద్దున కాఫీ నేనే కలిపి ఇస్తాను." దాన్ని రెండుసార్లు కొట్టేసింది.

"ఇంట్ల కాఫీపొడే లేదు అక్కా," అంది.

అలా కొట్టుకుంటూ పోతే చివరికి రెండు వాక్యాలు మిగిలాయి.

"ఆదివారం ప్రార్థన అయ్యాక నేను తపాలా ఆఫీసు గోడ పక్కన నిలబడి ఆమెను చూస్తుంటాను. అన్నం గిన్నె మూత తీయగానే గిరాకీ వస్తే ఆమె మళ్లీ మూత పెట్టేస్తుంది, ఆ పూట ఇంట్లో నాకూ ముద్ద దిగదు."

ఇద్దరం కలిసి పాత సంచికలన్నీ వెతికాం. ఆ మాట ఏ తారా అనలేదు.

"పూలమ్మక్కా, నువ్వెప్పుడన్న చూసినవా ఆయనను గాడ?"

"నేను గిరాకీని చూసుకుంటనా, తపాలా ఆఫీసు గోడను చూసుకుంటనా? ఇంకేంది ఫికర్, నీ మొగుడు చెప్పిందే అయ్యుంటది."

"గిన్నె సంగతి విజయేందర్‌కు గూడ తెల్సు. ఎన్ని ఆదివారాలు మన ముంగట తిరగలే? నా చేతిల అంత సిగ్గుపడ్డోడు. గీ ముసలిది నమ్ముతదా, నమ్మి మురుస్తదా చూద్దామని రాసిండేమో."

"వాన్నే అడుగు."

"వాడు ఔ అంటడు. వాడు కాదని ఎన్నడన్నడు?"

"అట్లయితే సామ్ సుందర్‌ను అడుగు. ఇంట్లనే ఉండె గద."

ఫ్లోరా పెన్సిలు మళ్లీ చెవిమీద పెట్టుకుంది. "పదేండ్ల సంది గోడ మొహం చూసి అన్నం పెడుతున్న అక్కా. ఆయన నన్ను మాఫ్ చేసిండో లేదో ఒక్కనాడు అడగలే. అడిగి తెచ్చుకున్న మాట గూడ గీ పత్రికల మాట లెక్కనే ఉంటది. గది నాకొద్దు."

ఎదురుగా నిలబడ్డ గిరాకీని చేత్తోనే పొమ్మంది. పత్రికను రెండు మడతలు పెట్టి, నా రుమాళ్ల కట్ట మీద ఉంచింది.

"సాయంత్రం ఆరుకు ఆయన వరండాల కుర్చీ వేసుకుంటడు. నువ్వు పోయి పక్కన కూసొని ఇది గట్టిగ చదువు. నువ్వు ఎట్లనన్న ఒక్కో అక్షరం కూడబలుక్కుంటవు, మంచిగ వినబడతది."

నా చదువును ఇంకెవరన్నా అంత మాటంటే ఆ రోజు వాళ్ల పని అయిపోయేది. పత్రిక తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"గీ రెండు లైన్ల కాడికి రాంగనే తల ఎత్తి జర ఆయన మొహం చూడు. నేను వంటింట్లనే ఉంట, బయటికి రాను. చూసింది చూసినట్టు వచ్చి చెప్పు. నా మీద ప్రేమతోని ఒక్క మాట గూడ కలపకు అక్కా."