తీగబాబాయి గిటారు

తీగబాబాయి గిటారు పట్టాడంటే పాట పూర్తయ్యేలోగా తీగ తెగి తీరాల్సిందే. కొత్త తీగ వేసినా అంతే, పాతది ఉంచినా అంతే. 'టంగ్' మని ఓ చప్పుడు, వెంటనే "క్షమించాలి, తీగ తెగింది" అన్న మాట. ఈ రెండూ లేకుండా ఆయన వాయించిన పాట ఒక్కటైనా బయటికి రాలేదని స్టూడియోలో ప్రతీతి.

రికార్డింగ్ ఇంజనీరుగా కొత్తగా చేరిన అమ్మాయిని అక్కడ అందరూ ఇంజనీరమ్మ అనేవారు. చేరిన రోజే సంగీత దర్శకుడు ఆమెను హెచ్చరించాడు.

"ఏసీ పాడైతే బాగుచేయించొచ్చు. కరెంటు పోతే జనరేటర్ వేయించొచ్చు. ఆయన తీగని మాత్రం దేవుడు దిగొచ్చినా ఆపలేడు."

తెగితే తెగింది, గబుక్కున ఇంకోటి వేసుకుని కూర్చోవచ్చు కదా. అబ్బే! కళ్లజోడు తీసి తుడుచుకోవాలి. జేబులన్నీ తడుముకోవాలి. తీగ బిగిస్తున్నంతసేపూ ఎదురుగా ఎవరుంటే వాళ్లకి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. డ్రమ్ములాయన ఈలోగా ఓ కునుకు తీసి లేచేవాడు. మైకు ముందు బిగుసుకుపోయి నిలబడ్డ కొత్త గాయని కూడా ఆ కబుర్లకి కిసుక్కున నవ్వేది.

ఒకసారి బాబాయి భార్య టిఫిన్ డబ్బా ఇవ్వడానికి స్టూడియోకి వచ్చి ఇంజనీరమ్మ దగ్గర మొర పెట్టుకుంది.

"మా ఇంట్లో తెగకుండా మిగిలింది బట్టలారేసే తీగొక్కటేనమ్మా! పైగా నెయిల్ కట్టర్ కొన్నది కొన్నట్టు మాయం. ఏమైందంటే మాట్లాడడు."

ఇంతా చేసి ఆయన పేరు ఏ పాట మీదా ఉండదు. ముప్పొద్దులా రేడియోలో ఆయన చెయ్యే మోగుతున్నా పక్కింటివాళ్లకు తెలియదు. ఓసారి ఇంజనీరమ్మతో టీకొట్టు దగ్గర నిలబడి ఉంటే పాత పాటొకటి వచ్చింది.

"ఇందులో నేనున్నాను" అన్నాడు కొట్టువాడితో.

"ఎక్కడ సార్?"

"గాయకుడు ఊపిరి పీల్చుకుంటాడు చూడు, అక్కడ."

కొట్టువాడు చెవి ఒగ్గి విని, "ఏమీ లేదు సార్, గిటారు వినపడుతోందంతే" అన్నాడు.

చివరికి దర్శకుడికి ఓపిక నశించింది. వయొలిన్లవాళ్లు పాతికమందిని పిలిపించిన పెద్ద పాట రోజున అందరి ముందూ తేల్చి చెప్పాడు. "ఇవాళ గాని తీగ తెగిందా, రేపట్నుంచి మీ బదులు ఇంకొకర్ని పిలుచుకుంటాను." బాబాయి బుద్ధిమంతుడిలా తలూపి తన అద్దాల గదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

పాట అద్భుతంగా వచ్చింది. తీగ తెగలేదు! చివరి స్వరం గాలిలో కలిసిపోయింది. వయొలిన్ల మధ్య నిలబడి చేతులూపుతున్న దర్శకుడు కళ్లు తుడుచుకుని, "ఏదీ, వినిపించు" అన్నాడు.

ఇంజనీరమ్మ యంత్రం వైపు చూసింది. రికార్డు బటన్ నొక్కలేదు. రికార్డింగ్ మొదలైతే వెలగాల్సిన ఎర్ర బల్బు తలుపు పైన వెలగనే లేదు. బల్బుకెదురుగా కూర్చునేది బాబాయి ఒక్కడే. ఉద్యోగం ఊడినట్టేననుకుంటూ నిజం చెప్పడానికి ఆమె నోరు తెరిచింది.

'టంగ్!'

"క్షమించాలి, తీగ తెగింది."

"పాట అయిపోయిందయ్యా!" అన్నాడు దర్శకుడు.

"చివరి స్వరంలోనే సగం తెగిందండీ. అపస్వరం పడింది. మళ్లీ తీయాల్సిందే."

దర్శకుడు నానా తిట్లూ తిట్టాడు. బాబాయి తాపీగా కళ్లజోడు తుడుచుకున్నాడు. రెండోసారి ఇంజనీరమ్మ బటన్ నొక్కి, ఎర్ర బల్బు వెలిగిందో లేదో చూసుకుంది. పాట ఇంకా బాగా వచ్చింది. ఇందాక వయొలిన్లన్నీ ఆగిపోయాక తీగ ఎలా తెగింది? ఆ అనుమానంతో ఆమె అద్దాల గదిలోకి వెళ్లి తెగిన తీగ తీసి చూసింది. కొస కత్తిరించినట్టు నున్నగా ఉంది. కుర్చీ కింద మొద్దుబారిన నెయిల్ కట్టర్ పడి ఉంది.

"బాబాయ్! ఇన్నాళ్లూ తెగినవన్నీ..."

"అన్నీ కాదమ్మా. రెండు మూడు నిజంగానే తెగాయి."

"మీ పని పోయేదిగా!"

"మనిషిని తిడితే నొచ్చుకుంటాడు. తీగని ఎంత తిట్టినా ఏమనుకోదు."

"తిట్లు తిన్నది మీరు!"

"ఇంట్లో రోజూ తినేవే. అరుగుతాయి."

ఇంజనీరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎంత మంచివాడివి బాబాయ్ అనుకుంది. దర్శకుడు కూడా ఆ పాట విన్న సంతోషంలో తన మాట తానే మరిచిపోయి, మర్నాడు మళ్లీ బాబాయినే పిలిచాడు.

మరో పాటకు కొత్త కుర్రాడొకడు పాడటానికొచ్చాడు. గొంతు మాటిమాటికీ జీరపోతోంది. దర్శకుడి ముఖం కందగడ్డ అవుతోంది. ఇంజనీరమ్మ 'టంగ్' కోసం చెవులు రిక్కించింది. ఏమీ లేదు. అద్దంలోంచి చూస్తే బాబాయి జేబులన్నీ తడుముకుంటూ బిక్కచూపులు చూస్తున్నాడు. పాపం, ఇంట్లో పిన్ని కొత్త నెయిల్ కట్టర్ దాచిపెట్టేసినట్టుంది.

ఇంజనీరమ్మ చెయ్యి చాచి వెనకనున్న వైరు లాగేసింది. అందరి హెడ్‌ఫోన్లూ మూగపోయాయి.

"క్షమించాలి సార్, వైరు ఊడింది."

"తీగలు చాలవన్నట్టు ఇప్పుడు వైర్లా!" దర్శకుడు జుట్టు పీక్కున్నాడు.

"ఈ కాలం పిల్లలకి సామాను మీద శ్రద్ధేదండీ" అని అద్దాల గదిలోంచి బయటికొచ్చిన బాబాయి గంభీరంగా తలాడించి, చెమటలు కక్కుతున్న కుర్రాడి పక్కకు కుర్చీ జరుపుకున్నాడు.

"ఇలా కూర్చో నాయనా. ఆ వైరు పుట్టుపూర్వోత్తరాలు చెబుతాను."