సింకులో పోసిన బంకమన్ను

పోయిన నెల ఒక ఆదివారం నేను నీళ్ళు శుద్ధి చేయబోతే మా ఇంటి ఓనరు వంటిల్లంతా బురదయింది. నవ్వుకుంటే నవ్వుకోండి, చెప్తా.

నేను బేతంచెర్లలో రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తా గదా. కొడుకు కాలేజీ కోసం మా ఆవిడ కడపలో ఉండాది. నేను ఈడ మేడ మీద ఒక్క రూములో ఉంటా. రాత్రయితే ఫోను. "తిన్యావా?" "తింటి." "సరే మరి, పెట్టేస్తా." ఆదివారమైతే ఫ్యాక్టరీ కూడా ఉండదు. పొద్దుగూకేదాకా ఫ్యాను చప్పుడు వింటా కూర్చోవాల.

అట్లా మోకాళ్ళు పట్టుకోని కూర్చోని ఫోను చూస్తాంటే ఒక వీడియో వచ్చింది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే కీళ్ళు పట్టేస్తాయంట. మేం తాగేదీ బోరు నీళ్ళే. కొన్ని రకాల బంకమన్ను దాన్ని పీల్చుకుంటాదంట. ఏ రకం, ఎంత, ఎట్లా అని చెప్పే భాగం బోరు కొట్టి ముందుకు జరిపేస్తి.

ఎర్తింగ్ గుంతలో పోసేదానికి కరెంటు సామాన్ల షాపులో బెంటొనైట్ అని అమ్ముతారు. అదీ బంకమన్నే గదా అని ఒక సంచి తెస్తి. బకెట్ నీళ్ళలో రెండు మగ్గులు పోసి కలిపినా. మన్ను అడుక్కు దిగుతాది, పైన తేట వంచుకుందామని నా లెక్క. మధ్యాహ్నం చూస్తే తేటా లేదు, అడుగూ లేదు. బకెట్ నిండా జారుడు సంగటి మాదిరి ఉండాది. ఆ మన్ను నీళ్ళు తాగి ఉబ్బుతాదంట. గుంతల్లోంచి నీళ్ళు ఇంకిపోకుండా పూసేది కూడా దాన్నేనంట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఎవరన్నా చూస్తే సిగ్గని మొత్తం సింకులో పోస్తి. నా రూముకు వచ్చి చూసేవాళ్ళు ఎవరని మాత్రం ఆలోచన రాలే. దిగకపోతే కట్టెతో పొడిచి, ఇంకో బకెట్ నీళ్ళు కొట్టినా. గుడగుడమని దిగిపాయె.

కాసేపటికి కింది నుంచి ఓనరు భార్య లక్ష్మక్క పిలిచింది. "ఏమప్పా, మీద ఏం చేస్తాండావు? మా సింకులోంచి బురద ఎగదన్నుతాంది."

ఉరికినా. ఓనరు శెట్టన్న లుంగీ ఎగ్గట్టి పైపు విప్పుతాండాడు. కింద బకెట్ పట్టుకోని కూర్చుంటి. పైపు ఊడుతానే బురదంతా ఇద్దరి మీదా పడె.

"ఏందప్పా ఇది?"

"నీళ్ళు శుద్ధి చేస్తాంటి అన్నా."

ఆయన బురదను చూసి, నన్ను చూసి, "శానా బాగా చేసినావు" అన్యాడు.

చీకటి పడేదాకా పైపులు కడిగినాం. ఆయన తిడతానే ఉండాడు, నేను వింటానే ఉంటి. ఒక మనిషి నాతో అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. తిట్లు అయిపోతాంటే నాకే ఏదో వెలితిగా అనిపించె. లేచి పోబోతాంటే శెట్టన్న వాళ్ళమ్మ ఆపింది. "వాడు తిట్టినాడని ఆకలితో పోతావా? తిని పో నాయనా."

పప్పు వడ్డిస్తా అడిగింది అవ్వ. "కరెంటాఫీసులో పని ఎక్కువుంటాదా?"

ఏడాదిగా వాళ్ళ వాకిట్లోనే తిరుగుతాండా. ఆమె నన్ను మీటరు రీడింగు తీసేవాడనుకుంటాంది. కాదవ్వా అని చెప్పబోతి.

"మా మీటరు గిర్రున తిరుగుతాంది. సాయంత్రం వచ్చేటప్పుడు ఒకసారి చూసి, ఇంత తిని పోకూడదా" అనింది.

నోరు మూసుకోని ఇంకో ముద్ద కలుపుకుంటి. అప్పటి నుంచి రోజూ సాయంత్రం వాళ్ళ మీటరు ముందర చేతులు వెనక్కి కట్టుకోని నిలబడతా. నాకు దాంట్లో ఒక్క ముక్క తెలీదు. "బాగానే తిరుగుతాంది అవ్వా, అయినా రేపు ఇంకోసారి చూస్తా" అని చెప్పి వస్తాండా.