నలభై శాతానికి చాలని నడక

ఇబ్రహీంపట్నంలో ఆటో దిగిన వెంకటప్పయ్య తన ఎడమ చెప్పును అందులోనే వదిలేశాడు. ఆటో చెప్పుతో సహా వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆయనకు ఆసుపత్రి గేటు దాటాక, కిందికి చూసుకుంటే గానీ తెలియలేదు. ఎడమ పాదం కింద చెప్పుందో రాయుందో తెలియడం మానేసి మూడేళ్ళయింది. మిగిలినదాన్ని కూడా వదిలేద్దామనుకున్నాడు గానీ, కొని నెల కూడా కాలేదు. ఒంటి చెప్పుతోనే లోపలికి వెళ్ళాడు.

లోపల వికలాంగుల సర్టిఫికెట్ల క్యాంపు జరుగుతోంది. నలభై శాతం అని రాస్తే పింఛను వస్తుంది. గుణదలలో మేడ మీది గదిలో జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతున్న భార్య సుబ్బరత్నానికి ఈ మధ్య సూదిబెజ్జం కనిపించడం లేదు. ఆ నలభై తప్ప ఇద్దరికీ ఇక ఏ ఆధారమూ లేదు.

ఉద్యోగరీత్యా వెంకటప్పయ్య ఇరవై రెండేళ్ళు కుంటాడు. ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తూ, పరిషత్తు నాటకాలాడుతున్న రోజుల్లో సినిమావాళ్ళు ఓ చిన్న వేషం ఇచ్చారు. పెళ్ళిచూపుల్లో అవిటికాలు దాచుకోబోయే పెళ్ళికొడుకు. నడక ఎవరిదో ఒకరిది కావాలి కదా, దగ్గర్లో ఉన్న మామగారిది తీసుకున్నాడు. హాళ్ళు దద్దరిల్లాయి. మామగారు కూడా మొదటి వారమే చూశారు. చూసి నేరుగా కూతురింటికొచ్చి, మంచినీళ్ళు అడిగి తాగి, వెళ్ళిపోయారు. మళ్ళీ బతికుండగా ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ తర్వాత ముప్ఫై ఏడు సినిమాలు. రానురాను రచయితలు ఆయనకు మాటలు రాయడం కూడా మానేశారు. ‘ఇక్కడ వెంకటప్పయ్య నడుస్తాడు’ అని రాసి ఊరుకునేవారు. చివరి సినిమాలో ట్రాక్టరు మీంచి కాలవగట్టు మీదికి దూకమన్నారు. దూకాడు. నడుములో ఏదో నలిగింది. లేచి నాలుగడుగులు వేస్తే యూనిట్టంతా చప్పట్లు కొట్టింది, షాట్ ఓకే అయింది. ఆర్నెల్ల తర్వాత వేషం అడగబోతే దర్శకుడు ఓసారి నడిపించి చూసి, “ఏమనుకోకు బాబాయ్, ఇదివరకటి ఊపు లేదు” అన్నాడు.

క్యాంపులో డాక్టరు జయంత్ కుర్రవాడు. ఆయన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

“సార్, మీరా! మా నాన్నా నేనూ మీ సీన్లు ఎన్నిసార్లు చూశామోనండీ! ఏదీ, ఒక్కసారి నడవండి సార్.”

అది పరీక్ష అనుకున్నాడు వెంకటప్పయ్య. బల్ల దగ్గర్నుంచి తలుపు దాకా నడిచాడు. వరండాలో టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళు గొల్లుమన్నారు. ఒకాయన చేతికర్రలు చంకల్లో ఇరికించుకుని మరీ చప్పట్లు కొట్టాడు.

“ఒంటి చెప్పేసుకొచ్చారు చూశావా హెప్సిబా? అదీ డెడికేషనంటే!” అన్నాడు డాక్టరు నర్సుతో.

“వేషం కాదండీ బాబూ. నిజంగానే కాలు పోయిందండి.”

“ఆ మొహం పెట్టడం కూడా మీకే చెల్లుతుందండీ. ఇంకొక్కసారి సార్, వీడియో తీసి మా నాన్నకి పంపిస్తా.”

ఈసారైనా మామూలుగా నడుద్దామని వెంకటప్పయ్య గట్టిగా అనుకున్నాడు. భుజం ఎగరకూడదు, మెడ ఊగకూడదు అని తనకు తానే చెప్పుకున్నాడు. భుజం ఎగిరింది. మెడ ఊగింది. ఆ నడకలో నలిగిన నరానిదెంతో, ఇరవై రెండేళ్ళ అలవాటుదెంతో, మామగారిదెంతో ఆయనకే అంతుపట్టలేదు. తలుపు దగ్గరికి చేరేసరికి కళ్ళు తడిశాయి. జనం ఇంకా నవ్వారు.

హెప్సిబా ఒక్కతే నవ్వలేదు. “డాక్టర్ గారూ, ఓసారి ఆ పాదం సూదితో గుచ్చి చూడకూడదాండీ?” అంది.

“ఎందుకమ్మా, పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడం!” అని కాగితం మీద సంతకం చేసేశాడు డాక్టరు. “ఇరవై శాతం రాశాను సార్. అసలైతే అదీ రాయకూడదు. మీ మీద అభిమానంతో రాశాను.”

వెంకటప్పయ్య దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. అలవాటు కొద్దీ వరండాలో వాళ్ళకీ పెట్టాడు.

మేడమెట్లు పదహారూ ఎక్కేసరికి సాయంత్రమైంది. సుబ్బరత్నం కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. ఇరవైని రెండుసార్లు చదివింది. కుట్టుమిషను మీద తల ఆనించి అంది:

“ఆ డాక్టరు ముందైనా వేషాలు మాని, ఉన్న నడక ఉన్నట్టు నడవొచ్చు కదండీ!”

“నడిచానే రత్నం... వన్స్‌మోర్ కూడా అడిగారు.”