రంగం తెలుగు హాల్లో డెత్ మెటల్

మా అత్త పోయి ఏడాదైంది, జ్ఞాపకార్థ కూడికకు రమ్మని రంగం నుంచి మేరీ వదిన ఫోన్ చేసింది. మ్యాపులో యాంగోన్ అని రాసుంటుంది గానీ మా శ్రీకాకుళం వైపు అది ఎప్పటికీ రంగమే. మా అమ్మ అక్కడే పుట్టి, పదేళ్లప్పుడు ఓడెక్కి ఇటు వచ్చేసింది. ఆమె అన్న అక్కడే ఉండిపోయాడు. ఆయన భార్యే ఈ అత్త. వాళ్ల కూతురే మేరీ వదిన.

ఇక నేనంటారా, ముప్పై ఏళ్లు బడిలో హార్మోనియం ముందు కూర్చుని పిల్లల చేత సరిగమలు పాడించి రిటైరైన మనిషిని. అక్కడ మిలిటరీ గొడవలు, వెళ్లకు అని వీధి వీధంతా చెప్పింది. అలా చెప్పినవాళ్లలో ముగ్గురు, వెళ్తే మాత్రం పచ్చరాయి ఉంగరం తెమ్మన్నారు.

సాయంత్రం ఆమదాలవలసలో రైలెక్కితే తెల్లారాక హౌరా. అక్కణ్ణుంచి మధ్యాహ్నం పన్నెండున్నరకు విమానం. వెళ్లదలచుకున్నవాళ్లకు ఒక ముక్క. డాలర్లు మడత పడని కొత్త నోట్లే పట్టుకెళ్లండి. చిన్న గీత కనబడ్డా అక్కడ ముట్టుకోరు. నేను బైబిల్లో పెట్టుకుని, పెళ్లికూతుర్ని తీసుకెళ్లినంత జాగ్రత్తగా తీసుకెళ్లాను.

విమానంలో పక్క సీటాయనది విజయవాడ. బర్మా మినుముల వ్యాపారం. "ఫోన్లో ఆ గొడవల ఫొటోలేవైనా ఉంటే తీసేయండి మేడమ్. దారిలో ఆపి చూస్తారు. అక్కడ అందరూ మెల్లగా మాట్లాడతారు, మీరూ అలాగే మాట్లాడండి" అన్నాడు. మెల్లగా మాట్లాడటం మా వంశంలోనే లేదని ఆయనతో చెప్పలేదు.

దిగేసరికి మన గడియారంలో రెండుంపావు, వాళ్లది ఒక గంట ముందు. టాక్సీలో లత పేటకు గంటంబావు పట్టింది. సన్నటి వీధి, ఎదురుబొదురుగా ఆరంతస్తుల ఇళ్లు, ప్రతి బాల్కనీ నుంచి కిందికి వేలాడుతున్న తాడు, తాడు చివర క్లిప్పు. కిందివాడు తాడు లాగితే పైన గంట మోగుతుంది. నా సంచీలు ఆ తాళ్లతోనే పైకి వెళ్లాయి. నన్ను లాగే తాడు లేదు గనక ఆరంతస్తులూ ఎక్కాను. లిఫ్టు ఉన్న ఇల్లే చూసుకోండి, కరెంటు మాత్రం ఎలాగూ ఉండదు.

"ఏటి సుగుణా, ఆయాసం వచ్చీసినాదేటి?" అని వదిన నవ్వింది. ఆమె వెనక నల్ల చొక్కా వేసుకుని, చెంపలకు చందనం లాంటి తనకా పూసుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. వదిన కూతురు రూతు, ఇరవై నాలుగేళ్లు. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంది. చొక్కా మీద చెట్టు వేళ్ల లాంటి గీతలున్నాయి.

"అదేటమ్మా, వేరుతెగులా?" అన్నాను.

"కాదత్తా, బ్యాండ్ పేరు."

"చదవడానికి రావడం లేదు కదే?"

"చదవడానికొత్తే అది డెత్ మెటల్ ఎందుకవుద్ది?"

మర్నాడు ఉదయం ఏడింటికి వీధి మొదట్లో, చేపల పులుసులో సేమ్యా వేసినట్టుండే మొహింగా తిన్నాం. అక్కడే రూతు అసలు విషయం చెప్పింది. తనూ, కో జో అనే బర్మా కుర్రాడూ కలిసి ఇద్దరి బ్యాండ్ ఒకటి ఉంది. ఈమె గిటారు, గొంతు. అతను డ్రమ్స్. సైనిక తిరుగుబాటు మొదటి వారాల్లో, రాత్రి ఎనిమిది కొట్టేసరికి ఊరు ఊరంతా నిరసనగా గిన్నెలు మోగించేదట. ఎదురు బాల్కనీలో ఒకడు మాత్రం మూకుడు మీద తాళం తప్పకుండా వాయించేవాడు. అలా దొరికాడట కో జో. ఇప్పుడు కుర్రాళ్లను సైన్యంలోకి పేర్లు పెట్టి పిలుస్తున్నారు. పిలుపు రాకముందే సోమవారం అతను సరిహద్దు దాటడానికి వెళ్లిపోతున్నాడు.

"ఆదివారం ఒక్కసారి గట్టిగా వాయించుకోవాలత్తా. ఆడు మళ్లీ వత్తాడో రాడో." చెంచా గిన్నెలో పడేసి తల పక్కకు తిప్పుకుంది. ఊళ్లో అంత చప్పుడు చేసే చోటే లేదు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. మిగిలిందల్లా మన తెలుగు బాప్టిస్టు సంఘం హాలు. మందపాటి గోడలు, జెనరేటరు, కీర్తనలకు వాయించే డ్రమ్స్, ఆదివారం ఆరాధన అయ్యాక ఖాళీ. కానీ సంఘపెద్ద డేవిడ్ బాబాయి, అంటే పోయిన అత్తకు సొంత తమ్ముడు, ఒకే మాట మీద ఉన్నాడు. తెలుగు మరచిపోతున్నారని పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు అది. హాలు తెలుగు కార్యక్రమానికే ఇస్తారు, ఇంకో భాషలో పుట్టినరోజు పాట పాడుకోవడానికి కూడా ఇవ్వరు.

"నువ్వు మ్యూజిక్ టీచరువి కదా. తాతకి నువ్వు సెప్పాల. దానికి ముందు నీకు మెటల్ అంటే ఏటో తెలాల" అంది.

సరే అన్నాను. ఆ వారం కరెంటు మధ్యాహ్నం ఒంటి గంట నుంచి అయిదు దాకా. మొదటి పాఠం శుక్రవారం రెండింటికి, రూతు సెలవు పెట్టి మరీ చెప్పింది. ఇయర్‌ఫోన్ ఒక చెవిలో నాకు, ఒకటి ఆమెకు. నేను నోటుబుక్కు పెట్టుకున్నాను. ముందు మామూలు హెవీ మెటల్. బాగానే ఉంది, గాయకుడు శ్రుతిలోనే ఉన్నాడు. తరువాత థ్రాష్. "ఇది పరుగు" అంది. తొడ మీద తాళం వేయబోయి నాలుగో ఆవృతానికి చెయ్యి నొప్పెట్టి మానుకున్నాను. పవర్ మెటల్‌లో కత్తులు, గుర్రాలు, అందరూ పై షడ్జంలోనే ఉంటారు. మన పౌరాణిక నాటకం పద్యాలు విన్నవాళ్లకు దీనితో ఇబ్బంది ఉండదు.

తరువాత డూమ్. ఒక స్వరం మోగింది. కాసేపటికి ఇంకొకటి మోగింది. "పాట ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాను. "సగం అయిపోనాదత్తా" అంది. నాకు అదే నచ్చింది. విలంబకాలం అంటే ఏమిటో పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పలేకపోయాను, ఇది వినిపిస్తే సరిపోయేది. బ్లాక్ మెటల్ పెట్టినప్పుడు మాత్రం ఫోను పాడైందేమోనని తీసి దులిపాను. రికార్డింగు కావాలనే అంత అధ్వానంగా చేస్తారట. కావాలని చేసే అధ్వానానికి ఒక పేరు కూడా పెట్టుకున్నారని నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆఖరున డెత్ మెటల్. ఎవరో బావిలోంచి గర్జిస్తున్నట్టుంది. నేను ఇయర్‌ఫోన్ పీకేశాను.

"ఈయనకి వైద్యం చేయించరా?"

"అత్తా, గొంతుతో కాదు, పొట్టలోంచి తీయాల. గొంతుతో తీత్తే రెండ్రోజుల్లో పోతాది." అని లేచి నిలబడి, ఊపిరి లాగి, ఒక్క గర్జన గర్జించింది. వంటింట్లో వదిన మూత జారవిడిచింది. నేను మాత్రం నోరెళ్లబెట్టాను. నాభి నుంచి నాదం తీయండర్రా అని నేను చెప్పిన వందలమందిలో ఒక్కరూ తీయలేదు. ఈ పిల్ల తీసింది. అపస్వరం అనుకుంటే అపస్వరమే, కానీ సాధన సాధనే. ఆ క్షణం నుంచి నేను వీళ్ల పక్షం.

శనివారం ఉదయం తొమ్మిదింటికి బస్సెక్కి, నది మీద వంతెన దాటి లైంగ్‌థార్యార్ వెళ్లాం. వంతెన దగ్గర సిపాయిలు ఎక్కి ముఖాలు చూసి దిగారు. బస్సు మళ్లీ కదిలేదాకా ఎవరూ దగ్గలేదు. పిలుపు చేతికి అందకుండా ఎదురింటి నుంచి మారి, కో జో ఇప్పుడు ఇక్కడ రేకుల గదిలో ఉంటున్నాడు. చప్పుడు వినబడకూడదని ఆరు దిళ్లు చుట్టూ పేర్చుకుని వాటి మీద సాధన చేస్తున్నాడు. చేతులు కనబడనంత వేగం, వినబడేది మాత్రం దుప్పటి దులిపినంత చప్పుడు. నాకు టీ ఇచ్చి, ఊరు విడిచి వెళ్లేముందు ఒక్కసారి నిజం డ్రమ్స్ మీద వాయించాలని ఉందని బర్మీలో అన్నాడు. రూతు తెలుగులో చెప్పేలోగానే నాకు అర్థమైంది.

ఇక పాట. వాళ్ల పాటలన్నీ బర్మీలో ఉన్నాయి. తెలుగులో ఒక్కటైనా ఉంటే బాబాయిని ఒప్పిస్తానని, తిరిగి వచ్చాక నేనే కలం పట్టాను. ప్రళయకాల ఘోర ఝంఝా ప్రభంజనమని నాలుగు పాదాలు రాశాను. నా పాండిత్యానికి నాకే ముచ్చటేసింది. రూతు చదివి, "అత్తా, ఇది తెలుగేనా?" అంది.

"మరి నీకు ఏ తెలుగొచ్చు?"

"ఇనడం వచ్చు. మాటాడ్డం కొంచిం."

"ఆలోచించకుండా గడగడా వచ్చేది ఏదైనా ఉందా?"

 రూతు గోడ మీద మా అత్త ఫొటో వైపు చూసి ఒక్క ఊపిరిలో అనేసింది. "ఒలే గుంటా! నీ జిమ్మడ! పొద్దు గుంకిపోనాది, ఇంకా ఈదిలోనేనేటి? నీ కాళ్లిరగ్గొడతాను, రాయే ఇంటికి!"

వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అచ్చం వాళ్లమ్మే పిలిచినట్టుంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు, తరువాత ఇద్దరూ ఏడ్చారు. మా రంగం వాళ్లకు ప్రార్థనలు పుస్తకంలో ఉంటాయి, లెక్కలు బర్మీలో ఉంటాయి. కంఠతా వచ్చిన తెలుగు మాత్రం ముసలమ్మల తిట్లే. నా నాలుగు పాదాలూ చింపేశాను. అదే పాట.

ఆదివారం ఒంటి గంటన్నరకు హాలు. అటువైపు ఆ వేళకు కరెంటు లేదు, జెనరేటరు రొద పెట్టింది. మొదటి వరుసలో డేవిడ్ బాబాయి, డెబ్బై ఆరేళ్లు, ఇస్త్రీ చేసిన లుంగీ, చేతిలో చేతికర్ర. ముందు విని ఆ తరువాత ఇస్తానన్నాడు. నేను సంగీతం టీచరు హోదాలో లేచి, థ్రాష్ ఏదో డూమ్ ఏదో అయిదు నిమిషాలు వివరించాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "కానీండి" అన్నాడు.

కో జో కర్రలు ఎత్తాడు. అద్దాలు గలగలలాడాయి, గోడ మీద గడియారం వంకరైంది. రూతు గర్జించింది. అర నిమిషానికి బాబాయి చేతికర్ర పైకి లేపాడు.

"ఆపండి. ఇది తెలుగు కాదు."

"తెలుగే బాబాయ్" అన్నాను.

"ఏటి తెలుగు? ఒక్క ముక్క తెలిసిందా నీకు?"

నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు. కో జోకి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమై కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు.  రేపే అతని ప్రయాణం.

"పాటలాగ కాకుండా మామూలుగా చెప్పమ్మా తాతకి" అన్నాను.

రూతు గిటారు కింద పెట్టి, మెల్లగా, ఒక్కో మాటా చెప్పింది. ఒలే గుంటా అనేసరికి బాబాయి తలెత్తాడు. రాయే ఇంటికి అన్నాక చేతికర్ర నేలకు ఆనించాడు.

"తప్పు" అన్నాడు.

"ఏటి తప్పు తాతా?"

"మా అప్ప అలగ తిట్టీసి ఊరుకునీది కాదు. ఆకర్న, కూడు తిన్నావేటి, అనీది. నన్ను తిట్టినా అంతే, మీ యమ్మని తిట్టినా అంతే. అది నేకుండా మా అప్ప తిట్టు అవదు. అదెట్టి మళ్లీ మొదలెట్టండి." కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చాడు.

కో జో ఆ ఆఖరి మాటకు అర్థమేమిటని అడిగాడు. రూతు చెప్పింది. వాళ్ల అమ్మ కూడా రోజూ మొదట అడిగేది అదేనట. పకపకా నవ్వి కర్రలు అందుకున్నాడు.

గంటన్నర వాయించారు. తెలుగు పాట అయిదుసార్లు అయింది. బాబాయి ఒక్కసారి కూడా చెవులు మూసుకోలేదు. రాయే ఇంటికి అని రూతు అరిచిన ప్రతిసారీ ఆమె చూస్తున్నది డ్రమ్స్ వైపే.  ముప్పై ఏళ్లు ఎన్నో పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను, ఏనాడూ ఇలా ఏడవలేదు. వెళ్లేటప్పుడు బాబాయి హాలు పుస్తకంలో, తెలుగు కార్యక్రమం, భక్తిగీతం కాదు, అని రాసి సంతకం పెట్టాడు.

సోమవారం పొద్దున్నే కో జో బస్సెక్కాడు. ఆ తరువాత కబురు లేదు. మంగళవారం అత్త కూడిక అయింది, కబురు లేదు. బుధవారం నా విమానం పదకొండింటికి. రూతు తాడుతో నా సంచీలు దింపుతూ ఫోను వైపే చూస్తోంది.

హౌరాలో సాయంత్రం రైలెక్కాను. ఎదుటి బెర్తులో కంచిలిలో దిగే ఒకాయన, రంగం ఎలాగుందమ్మా అని అడిగాడు. టీ బాగుంటుంది, మెట్లు ఎక్కువ, మనుషులు మనవాళ్లే అన్నాను. ఆ ఊరి గురించి ఎవరడిగినా ఇదే చెప్తాను. ఒక మాట మాత్రం కలుపుతాను. అక్కడ మంచి కబురైనా చెవిలోనే చెప్పుకుంటారు.

గురువారం ఉదయం అయిదుంపావుకు బరంపురం దాటాక ఫోన్ మోగింది. రూతు. "అత్తా" అంది, అలవాటు ప్రకారం గుసగుసగా. "ఆడు దాటీసినాడు."

నేను అరిచాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, గొంతులోంచి మాత్రం కాదు. బోగీ మొత్తం లేచి కూర్చుంది. కంచిలి ఆయన పై బెర్తుకు తల కొట్టుకున్నాడు.

"ఏటైనాదమ్మా? చెడ్డ కబురా?"

"మంచిదే బాబూ."

"మంచిదైతే అలగ అరుత్తారేటి?"

"అక్కడ అరవలేక ఇక్కడ అరిచాను" అన్నాను. ఫోన్లో అవతల రూతు ఇంకా గుసగుసగానే నవ్వుతోంది.